కప్పు గెలిచాక మూడున్నరేళ్లకు ఊరు మారిన జట్టు

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. ఆ రోజు ఆడిన రెండు జట్ల వెనకా తెలుగువాళ్లే ఉన్నారు. హైదరాబాద్ ఎఫ్‌సీని 2019లో మొదలుపెట్టింది విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. నటుడు రానా దగ్గుబాటి సహ యజమానిగా చేరారు. ఎదురుగా ఉన్నది కేరళ బ్లాస్టర్స్. పేరు కేరళది, పసుపు చొక్కాలతో స్టేడియం నింపేసిన అభిమానులు మలయాళీలు, యాజమాన్యంలో పెద్ద చెయ్యి మాత్రం మన నిమ్మగడ్డ ప్రసాద్ కుటుంబానిది.

రాహుల్ కేపీ గోల్‌తో బ్లాస్టర్స్ ముందుంది. ఇక అయిపోయిందనుకున్న సమయంలో, 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి వాలీ కొట్టి స్కోరు సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హాలిచరణ్ నర్జారీ కొట్టిన కిక్‌తో 3-1 తేడాతో కప్పు హైదరాబాద్‌కి వచ్చింది. బ్లాస్టర్స్‌కి అది మూడో ఫైనల్ ఓటమి. 2014లో, 2016లో కూడా వాళ్లు ఆఖరి మెట్టు మీదే జారారు.

2025 అక్టోబరు నాటికి ఆ ఛాంపియన్ జట్టు హైదరాబాద్‌లో లేదు. దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారిపోయింది. ఓడిపోయిన బ్లాస్టర్స్ మాత్రం ఒక్క ఐఎస్‌ఎల్ టైటిల్ లేకుండానే కేరళలో ఉంది. ఈ తేడా మైదానంలో ఆటవల్ల వచ్చింది కాదు. జట్టుకి డబ్బు పెట్టేవాళ్లు ఎవరు, ఎంతకాలం పెట్టగలరు, ఆ డబ్బు కింద ఊరు, గ్రౌండు, అభిమానులు అనే పునాది ఉందా లేదా అన్నచోట వచ్చింది. మన దేశంలో ఫుట్‌బాల్ గురించి రాసేటప్పుడు కోచ్‌ల గురించి, స్ట్రైకర్ల గురించి పేజీలు నిండుతాయి. యజమానుల గురించి ఎవరైనా ఆరా తీసేది జీతాలు ఆగినప్పుడే. అప్పటికి ఆలస్యమైపోతుంది.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి ఒకప్పుడు యజమాని అంటే పోలీసు శాఖ. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా దేశంలో పేరున్న టోర్నీ రోవర్స్ కప్‌ని వరసగా అయిదుసార్లు గెలిచింది. అదే రహీం కోచ్‌గా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ రోజుల్లో ఆటగాడికి ట్రాన్స్‌ఫర్ ఫీజు లేదు, ఏజెంటు లేడు. ఉద్యోగం ఉంది. గెలిచినా ఓడినా జీతం వచ్చేది, ఆట మానేశాక పెన్షన్ ఉండేది. ఆ పద్ధతికి లోపాలున్నాయి. ఉద్యోగ నియామకాలు తగ్గగానే జట్లూ చిక్కిపోయాయి. కానీ ఆటగాడి ఇంట్లో రేషన్ విషయం యజమాని వ్యాపారం ఎలా ఉందన్న దానిమీద ఆధారపడేది కాదు.

2014లో మొదలైన ఐఎస్‌ఎల్ ఈ లెక్క మొత్తం మార్చేసింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010 డిసెంబరులో తన వాణిజ్య హక్కుల్ని 15 ఏళ్లకు రిలయన్స్ వర్గానికి అప్పగించింది. ఆ ఒప్పందంలోంచి పుట్టిన లీగ్‌ని ఫుట్‌బాల్ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్ లిమిటెడ్ అనే కంపెనీ నడిపింది. జట్టు అంటే ఇక్కడ ఫ్రాంచైజీ. లీగ్‌కి ఏటా ఫీజు కట్టాల్సి వచ్చేది, బదులుగా లీగ్ మొత్తం ఆదాయంలోంచి ఒక వాటా వచ్చేది. ప్రతి జట్టుకీ ఒక తార ఉండేవాడు. కొచ్చికి సచిన్ తెందూల్కర్, కోల్‌కతాకు సౌరవ్ గంగూలీ, చెన్నైకి అభిషేక్ బచ్చన్, గువాహటికి జాన్ అబ్రహాం, పుణెకు హృతిక్ రోషన్. తారల పని ముఖం చూపించడం. నెలనెలా చెక్కుల మీద సంతకం పెట్టే మనిషి వేరే ఉంటాడు. అభిమానికి అతని పేరు కూడా తెలియదు.

కేరళ బ్లాస్టర్స్‌లో ఆ సంతకం మొదటినుంచీ తెలుగువాళ్లదే. 2014లో సచిన్‌తో కలిసి జట్టుని తీసుకున్నది పీవీపీ సంస్థ అధినేత ప్రసాద్ వి. పొట్లూరి. 2016 జూన్‌లో మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీస్ స్థాపించిన నిమ్మగడ్డ ప్రసాద్, నిర్మాత అల్లు అరవింద్, నటులు చిరంజీవి, నాగార్జున కొత్త భాగస్వాములుగా వచ్చారు. తిరువనంతపురంలో ముఖ్యమంత్రి పినరయి విజయన్‌ని కలిసి మరీ ప్రకటించారు. 2018 సెప్టెంబరులో సచిన్ తన వాటా అమ్ముకుని బయటికి వెళ్లిపోయారు. దేశంలో అంతకంటే పెద్ద తార లేడు. ఆయన వెళ్లినా జట్టు ఆగలేదు, మలయాళీ అభిమానులు తగ్గలేదు. తార ముఖం మీద నిలబడ్డ జట్టు కాదని అప్పుడే తేలింది.

హైదరాబాద్‌కి జట్టు వచ్చిన తీరు వేరు. ఇక్కడి జనం అడిగి తెచ్చుకున్నది కాదు, పక్క రాష్ట్రంలో ఒక జట్టు మూతపడితే వచ్చింది. ఎఫ్‌సీ పుణె సిటీ యజమాని వాధ్వాన్ గ్రూపు ఆర్థికంగా కుంగిపోవడంతో 2019లో ఆ క్లబ్ రద్దయింది, ఆ స్థానం హైదరాబాద్‌కి దక్కింది. అదే ఏడు ఢిల్లీ డైనమోస్ జట్టు ఢిల్లీ వదిలి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. పుణె జట్టు పోయి హైదరాబాద్ జట్టు వచ్చింది, ఆరేళ్లకు హైదరాబాద్ జట్టు ఢిల్లీకి వెళ్లింది, ఢిల్లీ సొంత జట్టు అంతకుముందే ఒడిశాకు వెళ్లిపోయింది. ఈ మొత్తం ప్రయాణంలో ఎక్కడా ఒక్క అభిమానినైనా ఎవరూ అభిప్రాయం అడగలేదు. అడగాలన్న నిబంధన లేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ పెట్టినవాళ్లకు ఈ రంగం కొత్త కాదు. వరుణ్ త్రిపురనేని అంతకుముందు కేరళ బ్లాస్టర్స్‌కి సీఈఓగా చేశారు. అంటే ఒక జట్టు నడపడానికి ఏటా ఎంత అవుతుందో, ఎంత తిరిగొస్తుందో లోపలినుంచి చూసినవారు. 2019 నవంబరు 2న గచ్చిబౌలిలో జరిగిన తొలి హోమ్ మ్యాచ్‌లో హైదరాబాద్ ఆ బ్లాస్టర్స్‌నే 2-1తో ఓడించింది. మార్సెలీన్యో కొట్టిన ఫ్రీకిక్ గోల్ చూసినవాళ్లు ఇప్పటికీ మర్చిపోరు. కానీ ఆ సీజన్ మొత్తంలో గెలిచినవి రెండే. 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ని మధ్యలోనే పంపేశారు. తర్వాత ఒప్పందం చేసుకున్న ఆల్బర్ట్ రోకా బార్సిలోనా పిలిస్తే వెళ్లిపోయాడు.

అప్పుడు తీసుకున్న నిర్ణయం ఈ యాజమాన్యం చేసిన అతి మంచి పని. 2020 ఆగస్టులో స్పెయిన్‌కి చెందిన మనోలో మార్కెస్‌ని కోచ్‌గా తెచ్చారు. ఖరీదైన పేర్లకు పోకుండా పాతికేళ్ల లోపు భారతీయ కుర్రాళ్ల చుట్టూ జట్టు కట్టారు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, మహ్మద్ యాసిర్, నిఖిల్ పూజారి ఆ దారిలో ఎదిగినవాళ్లే. ముందువరసలో నైజీరియా స్ట్రైకర్ బార్తొలోమ్యూ ఒగ్బెచె ఉన్నాడు. 2021-22 సీజన్‌లో అతనొక్కడే 18 గోల్స్ కొట్టాడు. జర్మనీ క్లబ్ బొరూసియా డార్ట్‌మండ్‌తో రెండేళ్ల భాగస్వామ్యం కూడా కుదిరింది. ఆటపరంగా ఆలోచిస్తే ఐఎస్‌ఎల్‌లో అంతకంటే తెలివిగా కట్టిన జట్టు ఆ రెండు మూడేళ్లలో మరొకటి లేదు. 2022-23లోనూ ముంబై సిటీ తర్వాత రెండో స్థానంలో నిలిచి, సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల మీద మాత్రమే ఓడింది.

లెక్కల పుస్తకం తెరిస్తే మాత్రం వేరే కథ కనిపిస్తుంది. ఐఎస్‌ఎల్‌లో ఆటగాళ్ల జీతాలకు ఒక సీజన్‌కి 16.5 కోట్ల రూపాయల పరిమితి ఉండేది. ఫ్రాంచైజీ ఫీజు పది కోట్లకు పైమాటే ఉండేది. వీటికి కోచింగ్ సిబ్బంది, విమానాలు, హోటళ్లు, స్టేడియం అద్దె, యూత్ జట్ల ఖర్చు కలపాలి. రాబడి మూడు దారుల్లో రావాలి. టికెట్లు, స్పాన్సర్లు, లీగ్ ఇచ్చే వాటా. యూరప్‌లో క్లబ్బుల్ని బతికించేది టీవీ హక్కుల డబ్బు. ఇక్కడ అది క్రికెట్‌కి పోగా మిగిలింది ఫుట్‌బాల్‌కి వస్తుంది. కాబట్టి దాదాపు ప్రతి జట్టూ ఏటా నష్టంలోనే ఉంటుంది. ఆ నష్టాన్ని యజమాని జేబులోంచి పూడ్చాలి. ఐఎస్‌ఎల్ జట్టు కొనడమంటే లాభం వచ్చే వ్యాపారం కొనడం కాదు, ఏటా కోట్లలో పూడ్చాల్సిన గుంతని తలకెత్తుకోవడం. వెనక స్టీల్ ఫ్యాక్టరీయో, పెద్ద ఫార్మా కంపెనీయో ఉన్నవాడికి ఇది భరించగలిగే ఖర్చు. అలాంటిది లేనివాడికి ప్రతి సీజనూ టెన్షనే.

కుర్రాళ్లని పెంచి అమ్మితే డబ్బు వస్తుంది కదా అనే మాట వినిపిస్తుంది. పోర్చుగల్‌లో, నెదర్లాండ్స్‌లో క్లబ్బులు బతికేది అలాగే. 2021లో లిస్టన్ కొలాసోని ఏటీకే మోహన్ బగాన్‌కి ఇచ్చినప్పుడు సుమారు కోటి రూపాయలు వచ్చాయని, ఒక భారతీయ ఆటగాడికి అప్పటికి అదే రికార్డు అని వార్తలొచ్చాయి. రికార్డు స్థాయి అమ్మకమే కోటి అయితే, ఏటా పదుల కోట్ల ఖర్చు ఉన్న క్లబ్‌కి అది ఎన్ని రోజులకు సరిపోతుంది? ఆట ఎంత బాగా నేర్పినా మన మార్కెట్‌లో దానికి తగ్గ ధర రాదు. హైదరాబాద్ యాజమాన్యం క్రీడాపరంగా చేసిన సరైన పనులేవీ ఆర్థికంగా దాన్ని కాపాడలేకపోయింది అందుకే.

ఇంకో దెబ్బ కాలం కొట్టింది. కరోనా వల్ల 2020-21, 2021-22 సీజన్లు మొత్తం గోవాలోనే బయో బబుల్‌లో ఆడించారు. సరిగ్గా హైదరాబాద్ జట్టు ఎదిగిన సీజన్లవే, కప్పు గెలిచిందీ అప్పుడే. అంటే ఈ ఊరి జనం తమ ఛాంపియన్లు ఛాంపియన్లు కావడాన్ని టీవీలో చూశారు. గచ్చిబౌలిలో కూర్చుని చూసిన సీజన్లు లెక్కేస్తే తొలి ఏడాది ఆఖరి స్థానం, 2022-23లో ఒక మంచి సీజన్, ఆపైన మళ్లీ కిందికి జారిన రెండేళ్లు. డెక్కన్ లెజియన్ అనే అభిమాన సంఘం ఓపికగా డప్పులతో, బ్యానర్లతో వచ్చేది. కానీ కొచ్చిలోలా తండ్రి కొడుకుని తీసుకెళ్లే అలవాటుగా మారడానికి ఏ జట్టుకైనా వరసగా కొన్నేళ్లు సొంత గడ్డ మీద ఆట కావాలి. హైదరాబాద్‌కి ఆ వరస దొరకలేదు. ఈ విషయంలో యాజమాన్యాన్ని తప్పు పట్టడం న్యాయం కాదు.

జీతాల విషయంలో మాత్రం తప్పు పట్టాల్సిందే. 2023 వేసవికి ఆటగాళ్లకు, సిబ్బందికి బకాయిలు పేరుకుపోయాయి. మనోలో ఎఫ్‌సీ గోవా జట్టుకి వెళ్లిపోయాడు, ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి వెళ్లాడు. బకాయిల కేసులు ఫిఫా దాకా పోయాయి, కొత్త ఆటగాళ్లని నమోదు చేసుకోకుండా క్లబ్ మీద నిషేధం పడింది.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఒక ఛాంపియన్ జట్టు ఒక్క నెలలో ఎలా ఖాళీ అయిందో దీనివల్లే అర్థమవుతుంది. మామూలుగా ఫుట్‌బాల్ కాంట్రాక్టు మధ్యలో తెగదు. ఆటగాడు వెళ్లాలంటే కొత్త క్లబ్ పాత క్లబ్‌కి ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టాలి. కానీ ఫిఫా నిబంధనల్లో 14 బిస్ అనే క్లాజు ఒకటుంది. యజమాని కనీసం రెండు నెలల జీతం ఎగ్గొడితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసిచ్చి 15 రోజులు గడువు ఇవ్వాలి. ఆలోగా డబ్బు రాకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు, తప్పు క్లబ్‌దే అవుతుంది, నష్టపరిహారం కూడా అడగొచ్చు. అంటే జీతం ఆపిన యజమాని ఒకే దెబ్బకి రెండు పోగొట్టుకుంటాడు. ఆటగాడూ పోతాడు, అతన్ని అమ్మితే వచ్చే డబ్బూ పోతుంది. దానిమీద నమోదు నిషేధం కూడా ఉంటే, పోయినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లని తెచ్చుకునే దారీ మూసుకుపోతుంది. డబ్బుల్లేక మొదలైన సమస్య, డబ్బు సంపాదించే ఆస్తినే తినేస్తుంది.

2023-24 సీజన్ మధ్యలో జరిగింది అదే. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, చివరికి బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ జావో విక్టర్ ఒక్కడే మిగిలాడు. నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సానా సింగ్ 2024 జనవరిలో బెంగళూరు ఎఫ్‌సీకి మారారు. చింగ్లెన్‌సానాది మణిపుర్. 2023 మేలో అతను హైదరాబాద్ తరఫున ఆడటానికి కేరళలోని కోళికోడ్‌లో ఉన్నప్పుడే మణిపుర్ అల్లర్లలో అతని ఇల్లు కాలిపోయింది. ఊళ్లో ఇల్లు పోయిన మనిషి, పని చేసే చోట జీతాలకు దిక్కులేని క్లబ్‌లో మరో అర సీజన్ ఆడాడు. యాజమాన్యం గురించి మాట్లాడేటప్పుడు బ్యాలెన్స్ షీటు, క్యాష్ ఫ్లో లాంటి మాటల కింద ఇలాంటి మనుషులున్నారన్నది మర్చిపోకూడదు. ఆటగాడి సంపాదన మహా అయితే పదిహేనేళ్లు. అందులో ఒక ఏడు పోతే తిరిగిరాదు.

మిగిలిన కుర్రాళ్లతో, కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో ఆ సీజన్‌ని ముగించాడు. 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. మొత్తం 8 పాయింట్లు. రెండేళ్ల క్రితం ఛాంపియన్లు. ఆ కుర్రాళ్లూ, ఆ కోచ్చూ మైదానంలోకి దిగి సీజన్ పూర్తి చేయడమే గొప్ప సంగతి. వేరే చోటైతే జట్టు లీగ్ మధ్యలోనే తప్పుకునేది.

2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్‌ని తీసుకుంది. బెంగళూరు ఎఫ్‌సీని నడిపే జేఎస్‌డబ్ల్యూ జిందాల్‌లు వేరు, వీళ్లు వేరు. అప్పులున్న క్లబ్‌ని కొని బతికించడం చిన్న విషయం కాదు. ఆ కొనుగోలే లేకపోతే అప్పుడే కథ ముగిసేది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం వచ్చింది. మరుసటి ఏడు జట్టు ఢిల్లీకి మారింది. వ్యాపారం కోణంలో ఇందులో ఆశ్చర్యం లేదు. తమ వ్యాపారం, తమ పరిచయాలు, స్పాన్సర్లు ఉన్న చోట జట్టు ఉంటే నష్టం కొంతైనా తగ్గుతుంది. హైదరాబాద్‌తో వాళ్లకు అంతకుముందు బంధం లేదు, ఉన్న కొద్దిపాటి ప్రేక్షకుల్ని పాత యాజమాన్యం దూరం చేసుకుంది. తప్పు ఈ కొనుగోలుదారుది అనడం కంటే, జట్టంటే లైసెన్సు కాగితం మాత్రమే అని రాసుకున్న లీగ్‌ది అనడం సబబు.

ఇలాంటివి ఇతర దేశాల్లో జరగలేదని కాదు. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి ఇచ్చారు. అభిమానులు ఊరుకోలేదు. అదే ఏడు సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు. కింది స్థాయి లీగ్‌లో మొదలై 2011లో అక్కడి వృత్తి క్లబ్బులు ఆడే ఫుట్‌బాల్ లీగ్‌కి ఎదిగి, 2020లో పాత వీధి ప్లౌ లేన్‌కే తిరిగొచ్చారు. ఇప్పటికీ ఆ క్లబ్ మీద అదుపు అభిమానుల ట్రస్టుదే. ఇంగ్లండ్ 2025లో చట్టం చేసి స్వతంత్ర ఫుట్‌బాల్ రెగ్యులేటర్‌ని పెట్టింది. యజమాని ఆర్థిక స్తోమత పరీక్షించడం, ఊరు మార్చాలంటే అనుమతి తప్పనిసరి చేయడం దాని పనులు. జర్మనీలో ఇంకా ముందే, 1998 నుంచి, క్లబ్ వృత్తి విభాగంలో సగం కంటే ఒక్క ఓటు ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలనే నియమం ఉంది. కొన్ని మినహాయింపులున్నా, ధనవంతుడు వచ్చి డార్ట్‌మండ్‌ని మూటగట్టుకుని మ్యూనిక్ తీసుకెళ్లడం అక్కడ కుదరదు. ఆ డార్ట్‌మండ్‌తో భాగస్వామ్యం కుదుర్చుకున్నప్పుడు కోచింగ్ పద్ధతులతో పాటు ఈ సభ్యత్వ పద్ధతి గురించీ ఆలోచన సాగి ఉంటే ఎంత బాగుండేది.

బ్లాస్టర్స్ యజమానుల్ని ఆకాశానికెత్తాల్సిన పని కూడా లేదు. 2023 మార్చిలో బెంగళూరుతో ప్లేఆఫ్ మ్యాచ్‌లో రిఫరీ నిర్ణయం నచ్చక కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ జట్టుని మైదానం నుంచి బయటికి పిలిచేశాడు. క్లబ్‌కి నాలుగు కోట్ల జరిమానా పడింది, కోచ్ పది మ్యాచ్‌లు నిషేధానికి గురయ్యాడు. ఫలితాలు బాగాలేనప్పుడు మంజప్పడ అనే అభిమాన సంఘం యాజమాన్యాన్ని బహిరంగంగా నిలదీసింది, నిరసనలకు దిగింది. అసలు తేడా అక్కడే ఉంది. కేరళలో యజమానిని నిలదీయడానికి వేలమంది ఉన్నారు. వాళ్లే టికెట్లు కొంటారు, వాళ్లని చూసే స్పాన్సర్లు వస్తారు, వాళ్ల కోపానికి భయపడే యాజమాన్యం సీఈఓని, స్పోర్టింగ్ డైరెక్టర్‌ని, కోచ్‌ని జవాబుదారీ చేస్తుంది. తెలుగు యజమానికి మలయాళీ ప్రేక్షకుడు పెద్ద ఆస్తి. హైదరాబాద్‌లో తెలుగు యజమానులకు ఆ ఆస్తి పోగుపడక ముందే ఇల్లు కూలింది.

పెద్ద కంపెనీ వెనక ఉంటే చాలు అనుకోవడానికీ లేదు. రిలయన్స్ వర్గంతో సమాఖ్య 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగియాల్సి ఉండగా, కొత్తది కుదరక 2025 జులైలో లీగ్ నిర్వాహకులు సీజన్‌ని ఆపేశారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ సీనియర్ జట్టు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలు నిలిపేసింది. వెనక ఉన్నది జేఎస్‌డబ్ల్యూ అంతటి సంస్థ. వాణిజ్య హక్కులకు సమాఖ్య పిలిచిన టెండరుకి ఒక్కరూ ముందుకు రాలేదు. 2019లో ముంబై సిటీలో 65 శాతం వాటా కొన్న సిటీ ఫుట్‌బాల్ గ్రూప్, మాంచెస్టర్ సిటీని నడిపే ఆ సంస్థే, 2025 డిసెంబరులో వాటా వదులుకుని వెళ్లిపోయింది. డబ్బున్న యజమాని ఆగిపోయే కారణం వేరు. అతనికి లెక్క అర్థమవుతుంది, ఎప్పుడు ఆపాలో తెలుసు. డబ్బు లేనివాడు ఆపలేక లాగుతాడు, ఆ లాగుడు ఖర్చు ఆటగాళ్ల మీద పడుతుంది.

హైదరాబాద్‌లో ఆట చూసేవాళ్లు లేరా అంటే, 2025 డిసెంబరు 13న మెస్సీ వచ్చినప్పుడు ఉప్పల్ స్టేడియానికి పోటెత్తిన జనమే జవాబు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా బూట్లు వేసుకుని మైదానంలోకి దిగారు. ఊరి జట్టు ఊరు వదిలి అప్పటికి రెండు నెలలు. ఒక్క సాయంత్రం కోసం టికెట్ కొనే ఉత్సాహాన్ని ఏడాదికి పదిహేను శనివారాలుగా మలచడమే ఫుట్‌బాల్ యజమాని అసలు పని. అది ఈవెంట్ మేనేజ్‌మెంట్ కాదు. స్కూళ్లతో మాట్లాడాలి, పాతబస్తీలో, సికింద్రాబాద్ బస్తీల్లో ఇప్పటికీ ఆట నడుస్తున్న గ్రౌండ్లకు వెళ్లాలి, టికెట్ ధర తగ్గించాలి, ఊరి కుర్రాణ్ణి జట్టులో ఆడించాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు, కానీ ఫలితం రావడానికి అయిదారేళ్లు పడుతుంది. అంతకాలం నిలబడే యజమాని కావాలి.

అలాంటి ప్రయత్నం ఊరి శివార్లలో ఒకటి నడిచింది. అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనాలో ఆడే శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ వెనక ఉన్నది శ్రీనిధి విద్యాసంస్థల వర్గం. 2021-22లో ఐఎస్‌ఎల్‌కి కింది మెట్టైన ఐ-లీగ్‌లోకి వచ్చింది. అద్దె స్టేడియం మీద ఆధారపడకుండా సొంత మైదానం, పిల్లలు ఉండి నేర్చుకునే అకాడమీ కట్టుకుంది. 2022-23లో, 2023-24లో వరసగా రెండో స్థానంలో నిలిచింది. పైకి వెళ్లేది మొదటి స్థానంలో ఉన్న జట్టు మాత్రమే. మొదటిసారి పంజాబ్, రెండోసారి మహమ్మడన్ స్పోర్టింగ్ ఐఎస్‌ఎల్‌కి వెళ్లాయి. తారలు లేరు, ఫైనల్లో పసుపు సముద్రం లేదు. గచ్చిబౌలిలో జట్టు జీతాల కోసం వెతుక్కుంటున్న అదే సీజన్‌లో, అదే నగరంలో, ఇరవై కిలోమీటర్లైనా దూరం లేని చోట ఈ జట్టు టైటిల్ కోసం పోరాడింది. మైదానాన్ని తన ఆస్తిగా కట్టుకున్న యజమాని జట్టుని రాత్రికి రాత్రి వేరే ఊరికి తీసుకెళ్లడం కష్టం. గచ్చిబౌలిలో అద్దెకున్న జట్టుకి ఆ ఇబ్బంది లేకపోయింది.